ఒకరు తప్ప అందరూ దిగినారు

పోయిన నెల మా అంగడికి ఒక బ్లోయరు దగ్గుకుంటూ వచ్చింది. బ్లోయరంటే గాలి ఊదే యంత్రం. వీపుకు తగిలించుకొని గొట్టం ముందుకు పట్టి ఊదితే ఎండాకులన్నీ పక్కకు జరిగి నేల బయటపడుతుంది. ఎండాకాలంలో కొండలకు మంటలంటుకుంటే ఫారెస్టు వాళ్ళు దీనితోనే దారి తుడిచి, మంట ఇవతలికి రాకుండా అడ్డంగా ఖాళీ బాట తీస్తారు. మదనపల్లెలో టమోటా తోటలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసేవాళ్ళు వీధికి ముగ్గురున్నారు గానీ, బ్లోయరు దగ్గు విని రోగం చెప్పగలిగిన వైద్యుడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. ఈ మాట ఇంతవరకూ నేను తప్ప ఎవరూ అనలేదు, అది వేరే సంగతి.

యంత్రం తెచ్చినవాడు పుంగనూరు అవతల కొండల్లో ఫైర్ వాచరు. ఎండాకాలం నాలుగు నెలలూ కొండమీద పొగ ఎక్కడ లేస్తుందా అని చూడటం, లేస్తే పచ్చికొమ్మ విరుచుకొని పరిగెత్తడం అతని పని. బ్లోయరు బల్లమీద పెట్టి అన్నాడు.

"అన్నా, అవ్వ పోయింది. కుప్పంలో కూతురింట్లో. నీకు తెల్సునా?"

ఏ అవ్వ అని నేను అడగలేదు. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో సిగరెట్టు పెట్టె ఉంది, అగ్గిపెట్టె ఉంది. లైటరు మాత్రం లేదు. అది ఎనిమిదేళ్ళుగా అవ్వ దగ్గరే ఉంది.

ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలీదు. అందరికీ అవ్వ. రేంజరు సారుకూ అవ్వే, ఆ సారు జీపు డ్రైవరుకూ అవ్వే. ఆమెకంటే పదేళ్ళు పెద్దదైన ఒక ముసలామె కూడా ఆమెను అవ్వా అని పిలవడం నా చెవులారా విన్నాను. పుంగనూరు ఆవు ఎత్తు ఉండేది. ఊరి పేరు నిలబెట్టడానికే అక్కడికి పెరగడం ఆపేసిందని నా అనుమానం. గొంతు మాత్రం ఆ లెక్కకు లొంగలేదు. కొండ కింద నిలబడి "సూడు" అని ఒక్క కేక వేస్తే, రోడ్డు మీద పోయే వెంకటగిరికోట బస్సు డ్రైవరు తననే అనుకొని బ్రేకు తొక్కేవాడు.

ఆమెది ఉద్యోగమా అంటే కాదు. ఏ రిజిస్టరులోనూ ఆమె లేదు. మంటల కాలం రాగానే కొండ కింద చింతచెట్టు నీడలో మూడు రాళ్ళు పెట్టి, కొండ మీదికి పోయే పదిపన్నెండు మందికి రాగిసంగటి కెలికేది. ఎవరో తెమ్మంటే వచ్చిందా, తానే వచ్చి కూర్చుందా అన్నది నేను చాలామందిని అడిగాను. "మేం వచ్చేతలికే ఉండాది అన్నా" అనేవారు అందరూ, కొండ గురించి చెప్పినట్టు. ఇక ఆ ముద్ద! గుర్రంకొండ కోట మీదినుంచి ఒక్క ముద్ద దొర్లిస్తే వాల్మీకిపురం దాకా ఎదురు నిలిచే సైన్యం ఉండదు. ఒక ముద్ద, గుంటలో నెయ్యి బొట్టు, పక్కన చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. తిన్నవాడు సాయంత్రందాకా మాట్లాడడు.

అయితే కొండ దిగగానే తిండి పెట్టేది కాదు. మొదట ఉప్పేసిన మజ్జిగ. అదీ గటగటా తాగకూడదు. తర్వాత అందరూ వరసగా కూర్చొని చెప్పులు, బూట్లు విప్పి అరికాళ్ళు చూపించాలి. అరచెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళను చూశాను గానీ అరికాలు చూసి మరుసటి రోజు సంగతి చెప్పేది ఈమె ఒక్కతే. వేడి బూడిదలో నడిచిన కాలు ఎలా ఉంటుందో, బొబ్బ ఏ పూటకు పగులుతుందో ఆమెకు తెలుసు. "రేపు నువ్వు పైకి పోవద్దు నాయనా. కింద నీళ్ళు మొయ్యి" అంటే అంతే. "వీడు లేకుంటే నాకు చెయ్యి విరిగినట్టవ్వా" అని బీట్ ఆఫీసరు గొణిగితే, "నీదీ సూపించు కాలు" అనేది. ఆఫీసరు కాళ్ళు వెనక్కి లాక్కునేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. డబ్బా ఒక ఎత్తు.

పాత బిస్కట్ల రేకు డబ్బా. మూతలేదు. పొద్దున కొండెక్కే ప్రతివాడూ ఆ డబ్బాలో తన బీడీకట్ట, అగ్గిపెట్టె వేసి పోవాలి. దిగినాక ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. డబ్బాలో ఇంకా అగ్గిపెట్టె ఉందంటే కొండమీద ఇంకా మనిషి ఉన్నట్టు. ఇంత తేలికైన లెక్క నేను స్కూల్లో చదివి ఉంటే ఇంజనీరయ్యేవాణ్ణి. మరి బీడీ అలవాటు లేనివాళ్ళో? వాళ్ళు ఇంకేదైనా వెయ్యాలి. ఒకడు ఇంటి తాళంచెవి వేసేవాడు. ఒకడు పెళ్ళినాటి ఉంగరం. ఒక పెద్దాయన పళ్ళసెట్టు తీసి వేసేవాడు. "సంగటికి పండ్లేంటికిలే" అని ఆయన వాదన. డబ్బా ఖాళీ అయ్యాక అవ్వ దాన్ని బోర్లించి, సంగటి తెడ్డుతో మూడు దెబ్బలు కొట్టి కేక వేసేది.

"అందురూ దిగినారు! కూసోండి!"

ఆ కేక పడ్డాకే ఎవరి చెయ్యయినా ముద్దను తాకేది.

ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. యంత్రం విప్పకుండా ఉండలేని చేతులు నావి. మొదటిసారి అడిగితే, "బీడీ కంపు సంగటికి తగులుతాదప్పా" అంది. రెండోసారి అడిగితే, "వీళ్ళు మంట ఆర్పను పోయి వీళ్ళే అంటిస్తే?" అంది. రెండూ నిజంలాగే ఉన్నాయి, రెండూ కాదని తెలుస్తూనే ఉంది. మూడో జవాబుకు చాలా ఏండ్లు పట్టింది.

ఇప్పుడు నా లైటరు కథ.

ఆ రోజు రెండు బ్లోయర్లు బాగుచేసి ఇచ్చేదానికి ఫారెస్టు జీపులో పుంగనూరు నుంచి కొండ కిందికి పోయాను. కొండ ముందువైపు మంట పట్టి ఉంది. పదమూడు మంది డబ్బాలో తమ తమ సరుకు వేసి, బ్లోయర్లు తీసుకొని ఎక్కిపోయారు. అవ్వ డబ్బా నా ముందుకు చాపింది.

"నేను పైకి పోనవ్వా. ఈడనే ఉంటా" అన్నాను.

"బీడీ, సిగరెట్టు?"

"నాకలవాటు లేదు."

రెండు జవాబులు, రెండూ అబద్ధాలు. జేబులో లైటరు, ఒకే ఒక సిగరెట్టు ఉన్నాయి. మానేశానని మా ఆవిడకు మాటిచ్చి అప్పటికి నెల. అవ్వ నా మొహం చూసింది, జేబు చూసింది, పొట్ట చూసింది. డబ్బా వెనక్కి తీసుకుంది.

గంట గడిచేసరికి సిగరెట్టు జేబులోంచి నన్ను పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టింది. పైన వీళ్ళు మంటకు అడ్డంగా తీసే బాట ఎట్లా ఉంటుందో చూడాలని ఇంకో దురద. "ఒంటికి పోయొస్తా అవ్వా" అని లేచాను. "దూరం పోవద్దప్పా" అంది, తెడ్డు తిప్పుతూనే. నేను కొండ చుట్టూ తిరిగి వెనకవైపునుంచి ఎక్కాను. నా శరీరంతో కొండ ఎక్కడమంటే రెండు కొండలు ఎక్కడమే. సగానికి పైన ఒక పెద్ద బండ కనబడింది. దానిమీదికి పాకుతుంటే పాదం సందులో ఇరుక్కొని మడత పడింది. చీలమండ చూస్తుండగానే బెండకాయనుంచి సొరకాయ అయింది. సరే, కూర్చునే ఉన్నాం కదా అని సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాను.

వెలిగించలేదు. ఈ మాట ఏ కోర్టులోనైనా చెబుతాను. లైటరు తీసేలోగానే పొగ వాసన వచ్చింది. నా సిగరెట్టుకు నాకు తెలియకుండా ఎవరు నిప్పు పెట్టారా అని చూసుకున్నాను.

జరిగిందేమిటంటే, ముందువైపు మంటను వాళ్ళు అణిచేసి దిగిపోయారు. కానీ ఒక ఎండుమాను మొదట్లో నిప్పు లోపల్లోపల రాజుకుంటూ ఉండిపోయింది. గాలి తిరిగింది. వెనకవైపు నడుమెత్తు బోదగడ్డి. ఇక్కడ నేనేమీ పెంచి చెప్పను. పెంచే అవసరం లేకుండా పోయింది. గడ్డి కాలే చప్పుడు వాన చప్పుడులాగే ఉంటుందని అప్పుడే తెలిసింది. బండ చుట్టూ గడ్డి ఒకవైపునుంచి అంటుకుంటూ వచ్చింది. అరిచాను. దగ్గు వచ్చింది. కాలు నేలమీద పెడితే నిలవదు. మా ఆవిడకు చెప్పాల్సిన నిజాలు ఒకటొకటీ గుర్తుకొచ్చాయి, ఊరికంతా తెలిసినవి కూడా.

కింద జరిగింది వాచర్లు తర్వాత చెప్పారు. పదమూడుమందీ దిగారు, ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. డబ్బా ఖాళీ. అవ్వ బోర్లించి మూడు దెబ్బలు కొట్టి, అందురూ దిగినారు అని కేకేసింది. కూర్చున్నారు. వడ్డించింది. చివర పళ్ళెంలో ఒక ముద్ద మిగిలింది.

"పద్నాలుగు కెలికినా. ఈడ ఒగటి మిగిలిండాది. ఎవురప్పా తినంది?"

"అది మిషన్ల మెకానిక్కుది అవ్వా. ఆయప్ప మదనపల్లికి ఎల్లిపోయింటాడు."

"తినకుండానా?"

"పనుండి పోయింటాడులే. నువ్వు తినెయ్యి."

"ఆ పొట్ట సూసినావా నువ్వు? అంత పొట్టేసుకోనొచ్చినోడు, సంగటి వాసన తగిలినాక, తినకుండా మదనపల్లి దావ పడతాడా?"

"డబ్బా ఖాళీ కదవ్వా. నువ్వే కదా కొట్టి సెప్పినావు, అందురూ దిగినారని."

ఆ మాటకు అవ్వ బోర్లించిన డబ్బాను మళ్ళీ తిప్పి లోపలికి చూసిందట. ఏమీ లేని డబ్బాలోకి చాలాసేపు చూసిందట. డబ్బా ఒక లెక్క చెబుతోంది, ముద్ద ఇంకో లెక్క చెబుతోంది. ఎన్నో ఎండాకాలాలుగా ఆ డబ్బాను నమ్మిన మనుషులు తమ కళ్ళను నమ్మడం మానేసి ఉన్నారు. చెట్టు కింద నా స్పానర్ల సంచి అట్లాగే పడివున్నా ఒక్కడికీ కనబడలేదు.

"ల్యాయండి" అంది అవ్వ. అంతే. పదమూడు మంది చేతులు కడగకుండానే లేచారు.

నా పొట్ట మీద ఇన్నేళ్ళుగా ఎన్నో మాటలు పడ్డాను. దాన్ని సాక్ష్యంగా తీసుకున్న న్యాయమూర్తి ఆమె ఒక్కతే.

కొండ వెనక లేస్తున్న పొగను పట్టుకొని వాళ్ళు వచ్చేసరికి బండకు మూడు వైపులా మంట. పచ్చికొమ్మలతో బాదుతూ, బ్లోయరుతో మంటను వెనక్కి తోస్తూ నా వైపుకు దారి తీశారు. పొద్దున నేను బాగుచేసిన బ్లోయరే. నా పనితనం మీద నాకెంత నమ్మకముందో ఆ ఐదు నిమిషాల్లో తేలిపోయింది. బొత్తిగా లేదు. అయినా అది ఆగలేదు.

పొగలోంచి అందరికంటే వెనక అవ్వ వచ్చింది. ఆ రోజు దాకా ఆమె కొండెక్కడం ఎవరూ చూడలేదు. చీర కుచ్చెళ్ళు నడుములో దోపి, చంకలో డబ్బా పెట్టుకొని, బూడిదలో నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా నోట్లో సిగరెట్టు ఇంకా అట్లాగే ఉంది. వెలగలేదు. ఆ సంగతి నేను మరిచిపోయాను. ఆమె చుట్టూ ఉన్న మంటలను ఒకసారి చూసి, నా నోటివైపు చూసింది.

"నిప్పు దొరకల్యానా అప్పా?"

పదమూడు మందిలో ఒక్కడూ నవ్వలేదు. తర్వాత వారంరోజులు నవ్వారట.

డబ్బా చాపింది. "ఇప్పుడన్నా ఇయ్యి." లైటరు వేశాను. ఖాళీ డబ్బాలో అది టంగుమని మోగింది.

నలుగురు నన్ను మోసుకొని దించారు. ఆ నలుగురికీ రెండు రోజులు నీళ్ళు మోసే పనే రాసింది అవ్వ. ఎదురుగా కూర్చొని ముద్ద మొత్తం తినిపించింది. చెయ్యి కడుక్కొని, "లైటరవ్వా" అన్నాను.

"నువ్వింగా దిగల్యా కదప్పా" అంది.

ఆ తర్వాత అవ్వ రెండు పద్ధతులు మార్చింది. పైకి పోయినా పోకపోయినా, సంగటి వాసన తగిలేంత దగ్గరికి వచ్చిన ప్రతివాడూ డబ్బాలో ఏదో ఒకటి వెయ్యాలి. రేంజరు సారు టోపీ వేశాడు. పెన్ను తెచ్చిన విలేకరి పెన్ను వేసి, రాసుకోడానికి ఏమీ లేక ఊరికే నిలబడ్డాడు. రెండోది, వడ్డించేముందు ముద్దలూ మనుషులూ సరిపోవాలి.

మూడోది ఆమె మార్చలేదు, దానంతటదే మారింది. డబ్బాలో నా లైటరు ఉండిపోయింది కాబట్టి డబ్బా ఖాళీ కాదు. ఖాళీ కాని డబ్బాను ఆమె బోర్లించదు. అందుకని పక్కనున్న సంగటి డేక్సా మీద తెడ్డుతో కొట్టి కేకేసేది.

"ఒగురు తప్ప అందురూ దిగినారు! కూసోండి!"

ఎండాకాలమంతా, పూటపూటకూ. నేను యంత్రాలు తీసుకొని పోయినప్పుడు కూడా, నన్నెదురుగా పెట్టుకొని అదే కేక. కొత్తగా చేరిన వాచర్లు భయపడి కొండవైపు చూసేవాళ్ళు. పాతవాళ్ళు నావైపు చూసేవాళ్ళు.

"దిగినానవ్వా. ఇదిగో, నీ ముందరే ఉండాను."

"సిగరెట్టు మానినావా?"

"మానేసినా."

ఆమె గాలి ఒకసారి పీల్చేది. "ఆడనే ఉండు" అనేది.

ఇట్లా ఐదు ఎండాకాలాలు జరిగాయి. ఆఖరి ఏడు ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. కుప్పంలో కూతురు సంగటి మెస్సు పెట్టుకుంది, అక్కడికి పోతానంది. ఆ రోజు చెట్టు కింద మేమిద్దరమే. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నేను మూడోసారి అడిగాను. ఈ డబ్బా ఏంటికవ్వా?

"నాకు పన్నెండేండ్లప్పుడు బోదగడ్డి కోసేదానికి పదిమందిమి కొండకు పోతిమి. సాయంత్రం తొమ్మండుగురు దిగినారు. అందురూ వచ్చినారు పదండి అనె మేస్త్రి. నేను తెల్లారినాంక దిగితి. ఇంటికి పోతే మా యమ్మ, రాత్రంతా యాడుంటివి అనల్యా. గడ్డిమోపు యాడ అనె."

డబ్బా అంచు వేలితో తుడిచింది.

"ఆ మేస్త్రి మాట నా నోట్లో రాకూడదని డబ్బా పెట్టుకుంటి. నువ్వొచ్చి పలికిస్తివి."

డబ్బాలో లైటరును వేలితో కదిపి అంది. "నిజం సెప్పిన్నాడు ఇస్తాలే, నీ దీపం."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మానలేదవ్వా అని మూడు ముక్కలు కూడా కాదు. నేను బస్సు టైమయిందని లేచాను.

అందుకే పోయిన నెల ఆ బ్లోయరు బాగుచెయ్యకుండానే బల్లమీద వదిలేసి కుప్పం బస్సెక్కాను. మధ్యాహ్నానికి మెస్సు కనుక్కున్నాను. కనుక్కోవడం ఏమీ కష్టం కాలేదు, గొంతు బస్టాండుదాకా వినబడుతోంది. కూతురు అచ్చు అదే ఎత్తు, అదే చూపు. పది పన్నెండు మంది కూలీలు బల్లల దగ్గర తింటున్నారు. ఉప్పుజాడీ పక్కన అరమీద డబ్బా ఉంది.

మీ అమ్మ తెలుసమ్మా అన్నాను. కొండ కింద వండేటప్పుడు యంత్రాలు తెచ్చేవాణ్ణి అన్నాను. ఆమె డబ్బా దించింది.

"మా యమ్మకు దీని ధ్యాసేనన్నా. లోపల ఒక లైటరుంటే తీయనియ్యదు. ఎవురో ఒకాయన కొండమింద ఉండాడంట. ఆయప్ప దిగేదాకా డబ్బా బోర్లించొద్దు అనె. పొయ్యే ముందు దినం కూడా అడిగింది, దిగినాడా అని. జరం మాటలనుకొంటిమి. మీకేమన్నా తెల్సునా అన్నా, ఎవురాయన?"

నా నాలుక అప్పటికే 'ఎవరో పాపం' అనేదానికి తయారుగా ఉంది. ఇరవై ఏళ్ళుగా అది నాకంటే ముందే పని మొదలుపెడుతుంది. ఈసారి దాన్ని పళ్ళతో పట్టుకోవలసి వచ్చింది.

"నేనేనమ్మా."

ఆమె నా మొహం చూడలేదు. నేరుగా పొట్ట చూసింది. "ఊ. ఇదే సెప్పింది ఆనవాలు" అంది. తర్వాత, వాళ్ళమ్మ లాగే గాలి పీల్చి, "సిగరెట్లు మానినావా? అది అడగమనింది" అంది.

జేబులోంచి పెట్టె తీసి బల్లమీద పెట్టాను. పక్కన అగ్గిపెట్టె.

"లేదమ్మా. ఎప్పుడూ మానలేదు. అవ్వకు ప్రతిసారీ అబద్ధమే చెప్పినా."

ఆమె పెట్టెను ముట్టలేదు. తిట్టలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి లైటరు తీసి నా అరచేతిలో పెట్టింది. చక్రం తుప్పు పట్టిపోయింది. ఆ తర్వాత డబ్బాను రెండు చేతులతో బల్లమీద బోర్లించి, సంగటి తెడ్డు అందుకొని మూడు దెబ్బలు కొట్టింది.

"అందురూ దిగినారు! కూసోండి!"

తినేవాళ్ళందరూ ముద్దలో చేతులు పెట్టుకొని తలలెత్తారు.

"మేం కూసోనే ఉండాము కదక్కా" అన్నాడు ఒకతను.

నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. కూర్చున్నాను.